ఏ ఉత్ప్రేరకం మేలు? ఒక్క అంకె చూసి చెప్పలేం

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నారు. రేపో మాపో హైదరాబాద్ చుట్టుపక్కల ఏ ఫార్మా కంపెనీ ప్రాసెస్ ల్యాబ్‌లోనో చేరతారు. “ఈ పది లైగాండ్లూ చూసి ఏది బాగుందో చెప్పండి” అన్న పని ఏదో ఒక రోజు మీ బల్ల మీదికి వస్తుంది. లైగాండ్ అంటే లోహాన్ని పట్టుకుని, ఉత్ప్రేరకం ఎలా పనిచేయాలో మలిచే అణువు. ఆ పని గురించే ఈ రోజు నా మాట.

కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు. మన ఒంట్లో అణువుల సంగతీ అంతే. పార్కిన్సన్స్ వ్యాధికి ఎల్-డోపా మందు. దాని అద్దపు ప్రతిరూపమైన డి-డోపా ఆ పని చేయదు. మామూలుగా చర్య జరిపితే రెండూ చెరిసగం వస్తాయి. అసిమెట్రిక్ ఉత్ప్రేరకం ఒకదాన్నే ఎక్కువగా చేస్తుంది. ఆ ఎక్కువను ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్, పొట్టిగా ఈఈ, అంటాం. 90 శాతం ఈఈ అంటే 90, 10 కాదు. 95, 5. ఆ రెంటి తేడాయే 90. పరీక్షల్లో ఏటా ఇక్కడే మార్కులు పోతాయి.

ఇంత తేడాకి కావలసిన శక్తి ఎంతో తెలుసా? గది ఉష్ణోగ్రత దగ్గర, ఆ రెండు రూపాలకూ వెళ్లే దారుల మధ్య మోల్‌కి సుమారు 1.7 కిలోక్యాలరీల తేడా ఉంటే 90 శాతం ఈఈ వస్తుంది. 3.1 ఉంటే 99 వస్తుంది. రెండు నీటి అణువుల మధ్య ఒక హైడ్రోజన్ బంధం బలం దాదాపు 5. అంత చిన్న తేడాతో ఇంత పని జరగడం నాకు ఇప్పటికీ అబ్బురమే. అందుకే ఉష్ణోగ్రతో సాల్వెంటో కాస్త మారితే చాలు, లైగాండ్ల వరుస తారుమారవుతుంది. ఒకదాన్ని సున్నా డిగ్రీల దగ్గర, ఇంకోదాన్ని నలభై దగ్గర నడిపి పోల్చారంటే అది పోలికే కాదు.

పీహెచ్‌డీ రోజుల్లో ఈ పొరపాటు నేనూ చేశాను. రెండు లైగాండ్లు పోలుస్తున్నాను. ఒకదానితో వచ్చిన పదార్థం చక్కగా స్ఫటికాలు కట్టింది. వడకట్టి, కడిగి, రెండు రూపాలనూ వేర్వేరు పీక్‌లుగా చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ఎక్కించాను. ఒకటే పీక్, నిటారుగా. రెండోదానితో వచ్చింది జిడ్డుగా ఉంటే అలాగే ఎక్కించాను, రెండు పీక్‌లు వచ్చాయి. సంబరంగా గైడ్ గారి దగ్గరికి వెళ్తే ఆయన ఒక్కటే అడిగారు: “మదర్ లిక్కర్ చూశావా అమ్మా?” స్ఫటికాలు వడకట్టాక మిగిలిన ద్రవం అది. చూడలేదు. వెళ్లి ఎక్కిస్తే రెండో పీక్ మొదటిదానికి సాటిగా లేచింది. నేను కొలిచింది స్ఫటికీకరణ గొప్పతనం, ఉత్ప్రేరకానిది కాదు. మూడు వారాల పని మళ్లీ మొదటి నుంచి చేశాను. కాబట్టి శుద్ధి చేయకముందు, క్రూడ్ మీదే కొలవండి. రెండింటినీ ఒకే కన్వర్షన్ దగ్గర, అంటే ముడిపదార్థం అంతే శాతం మారినప్పుడు, చూడండి. ముందు రెండు రూపాలూ చెరిసగం ఉన్న రెసిమిక్ నమూనా ఎక్కించి, రెండు పీక్‌లూ విడిపోతున్నాయో లేదో నిర్ధారించుకోండి.

ఇక అసలు విషయం. ఈఈ ఎక్కువున్నదే మంచి ఉత్ప్రేరకమా? మెటోలాక్లోర్ అనే కలుపుమందు కథ చూడండి. స్విట్జర్లాండ్‌లో సీబా-గైగీ రసాయనవేత్తలు దాని తయారీలో వచ్చే ఇమైన్ అనే పదార్థానికి హైడ్రోజన్ చేర్చడానికి ఏళ్ల తరబడి ఉత్ప్రేరకాలు వెతికారు. కొన్ని ఇరిడియం ఉత్ప్రేరకాలు 80 దాటిన ఈఈ ఇచ్చాయి గానీ కాసేపటికే చచ్చిపోయేవి. చివరికి నిలిచింది ఇరిడియం-జైలిఫాస్, అంటే ఇరిడియంకి జైలిఫాస్ అనే లైగాండ్ తగిలించినది. ఈఈ సుమారు 80 మాత్రమే. కానీ కాస్త ఆమ్లం, కాస్త అయొడైడ్ చేర్చి, 80 బార్ పీడనంలో, 50 డిగ్రీల దగ్గర నడిపితే ఒక్కో ఇరిడియం పరమాణువు పది లక్షలకు పైగా అణువులను మార్చేస్తుంది. దీన్నే టర్నోవర్ నంబర్ అంటారు. ఏడాదికి పది వేల టన్నులకు పైగా తయారయ్యే సరుకు అది, పొలంలో చల్లేది. ఆ పనికి 80 చాలు. ఇరిడియం ఖర్చు మాత్రం లెక్కలో కనబడనంత తగ్గాలి.

దాని పక్కన ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని పెట్టండి. 2000లో బెంజమిన్ లిస్ట్ బృందం అసిటోన్, పారా-నైట్రోబెంజాల్డిహైడ్ మధ్య ఆల్డాల్ చర్యకు 30 మోల్ శాతం ప్రోలిన్, అంటే వంద ఆల్డిహైడ్ అణువులకు ముప్పై, వాడింది. దిగుబడి 68 శాతం, ఈఈ 76. లెక్క వేస్తే టర్నోవర్ 2.3. మెటోలాక్లోర్ ముందు ఇది ఏపాటి? కానీ ప్రోలిన్ చవక, గాలికీ తేమకీ చెడదు, మందులో లోహం మిగిలిపోతుందన్న టెన్షన్ లేదు. పైగా ఇలాంటి చిన్న సేంద్రియ అణువులతో ఇంకా ఎన్ని చర్యలు చేయొచ్చో అందరూ వెతకడం మొదలుపెట్టారు. 2021లో లిస్ట్‌కూ, డేవిడ్ మెక్‌మిలన్‌కూ నోబెల్ వచ్చింది అందుకే. టర్నోవర్ ఒక్కటే చూసి ఉంటే ఆ పేపర్‌ను పక్కన పడేసేవాళ్లం.

చివరగా షుగర్ మందు సిటాగ్లిప్టిన్. మెర్క్ కంపెనీ మొదట రోడియం లోహం, జోసిఫాస్ లైగాండ్‌తో, హైడ్రోజన్ పీడనంలో చేసేది. ఈఈ 97, తర్వాత స్ఫటికీకరణతో శుద్ధి. 97 అంటే మంచి అంకే, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఎంజైమ్‌లు మలిచే కోడెక్సిస్ కంపెనీతో కలిసి వాళ్లు ఒక ట్రాన్స్‌అమినేజ్ ఎంజైమ్‌ను తీసుకున్నారు. మొదట్లో దానికి ఈ పదార్థం మీద పనే కనబడలేదు. దఫదఫాలుగా మార్చి, డీఎంఎస్ఓ అనే సాల్వెంట్ సగం ఉన్న ద్రావణంలో, లీటరుకు 200 గ్రాముల పదార్థం మీద పనిచేసేలా మలిచారు. 2010లో ప్రచురించారు. ఈఈ 99.95 శాతానికి చేరింది. దిగుబడి 10 నుంచి 13 శాతం పెరిగింది, వ్యర్థాలు 19 శాతం తగ్గాయి. మందులోంచి రోడియం తీసే మెట్టు పోయింది, అధిక పీడన హైడ్రోజన్ రియాక్టర్ అవసరమూ పోయింది.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.