నల్లగొండ పొలాల కింద నుంచి పోయే పెట్రోలు

వేదిక మీది పెద్దలకు, రైతు సోదరులకు, విద్యార్థులకు నమస్కారం.

బోర్ల గురించి ఈ జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎనిమిది వందల అడుగులు దింపినా దుమ్ము తప్ప ఏమీ రాక అప్పులపాలైన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. అందుకే చాలామంది అడుగుతుంటారు, మనకు నీళ్లే పడవు, కోనసీమలో గ్యాస్ ఎట్లా పడుతున్నదని. తేడా అంతా రాయిలోనే ఉంది. మన జిల్లాలో ఎక్కువ భాగం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. చమురు పుట్టాలంటే ఒకప్పటి సముద్రం అడుగున సూక్ష్మజీవులు బురదతో కలిసి పొరలుగా పేరుకోవాలి, కోట్ల ఏళ్లు వేడికి, ఒత్తిడికి మగ్గాలి. తర్వాత అది ఇసుకరాయి లాంటి సందులున్న రాయిలోకి చేరాలి. పైకి పోనివ్వకుండా దాని మీద మరో గట్టి పొర ఉండాలి. కృష్ణా, గోదావరి డెల్టాల కింద ఇవన్నీ కుదిరాయి. ఇక్కడ కుదరలేదు. హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి ఉన్నా దానితో వచ్చేది సిమెంటే.

మన బోరుకు మట్టి ఉన్నంతవరకే కేసింగ్ పైపు వేస్తారు, రాయి తగిలాక వదిలేస్తారు. చమురు బావికి అలా కుదరదు. కిలోమీటర్ల లోతు దాకా ఉక్కు పైపులు దింపి, పైపుకూ నేలకూ మధ్య సిమెంటు నింపుకుంటూ పోతారు. తవ్వుతున్నంతసేపూ బావిలో బరువైన బురద ద్రావణం తిరుగుతూ ఉంటుంది. కింది ఒత్తిడిని అణిచిపెట్టేది ఆ బరువే. ఆ ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995లో కోనసీమలోని పాశర్లపూడి చూసింది. అక్కడి బావి 65 రోజులు మండింది.

మన దేశానికి సముద్రంలో ముంబై హై చమురు క్షేత్రం ఉంది, అస్సాం, రాజస్థాన్‌లలో బావులు ఉన్నాయి. అయినా మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా ఓడల్లో బయటి నుంచే వస్తుంది. రిఫైనరీలో దాన్ని 350 డిగ్రీలకు పైగా కాచి ఎత్తైన గోపురంలోకి పంపుతారు. గ్యాస్ పైకి పోతుంది, దాని కింద పెట్రోలు, తర్వాత కిరోసిన్, డీజిల్ విడివడతాయి. అడుగున మిగిలినది తారు. మన విజయవాడ రోడ్డు మీద పరిచింది అదే.

నేను అసలు చెప్పాలనుకున్నది దీని తర్వాతి సంగతి. రిఫైనరీ నుంచి మన దాకా పెట్రోలు ట్యాంకర్లలోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. చాలావరకు వచ్చేది నేల కింద పైపుల్లో. ఒడిశాలోని పారాదీప్ నుంచి 1,212 కిలోమీటర్లు వచ్చే ఇండియన్ ఆయిల్ పైపులైను చౌటుప్పల్ దగ్గర మల్కాపురంలో ముగుస్తుంది. అందులో సుమారు 160 కిలోమీటర్లు తెలంగాణలోనే. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ పోయే హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్) పైపులైను వేరే ఉంది.

ఒకే పైపులో పెట్రోలు, డీజిల్ రెండూ వస్తాయి, ఒకదాని వెనుక ఒకటి. మధ్యలో అడ్డు ఏమీ ఉండదు. రెండూ కలిసే చోట కొంత సరుకు కల్తీ అవుతుంది. పైపు ముగిసే టెర్మినల్‌లో, సరుకు సాంద్రత చూపే డెన్సిటీ మీటరు చూస్తూ కూర్చున్న ఆపరేటరు, అంకె మారడం మొదలవగానే ఆ కలిసిన భాగాన్ని వేరే ట్యాంకుకు మళ్లిస్తాడు. రాత్రి రెండు గంటలైనా ఆ కన్ను తెర మీదే ఉండాలి. ఆలస్యమైతే ట్యాంకులోని సరుకు పాడయ్యే ప్రమాదం ఉంది. ఈ పని చేసేవాళ్లంటే నాకు చాలా గౌరవం.

ఇక ఆ పైపు ఎవరి పొలం కింద పోతుందో ఆ రైతు సంగతి. 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం ప్రకారం కంపెనీ తీసుకునేది వాడుకునే హక్కు మాత్రమే. పట్టా రైతుదే. పంట వేసుకోవచ్చు. పైపు పోయే ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. దీనికి బదులు భూమి మార్కెట్ విలువలో పది శాతం, పంట నష్టం వేరేగా ఇస్తారు. భూమి ధరలు ఇంతగా పెరిగిన ఈ రోజుల్లో, ఎప్పటికీ ఉండిపోయే ఆంక్షకు ఒక్కసారి ఇచ్చే పది శాతం తక్కువని నా గట్టి అభిప్రాయం. ఆ చట్టం మారాలి. అందాకా ఒకటి చేయండి. గట్టు మీద పైపులైను గుర్తు రాయి ఉంటే దాని మీది ఫోన్ నంబరు ఇంట్లో రాసిపెట్టుకోండి. జేసీబీ పిలిచే ముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి. వాసన వస్తే బండి స్టార్ట్ చేయకుండా నడిచి దూరంగా పోండి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు లీకై, తెల్లవారుజామున మంట అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు.

బంకు గురించి కొంచెం చెబుతాను. కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది, అది కూడా కలిసిన ధర మీద మన రాష్ట్రం పెట్రోలుకు 35.2 శాతం, డీజిల్‌కు 27 శాతం వ్యాట్ అనే అమ్మకం పన్ను వేస్తుంది. బంకు యజమానికి మిగిలేది లీటరుకు నాలుగైదు రూపాయల లోపే. కొలత మీద అనుమానం వస్తే గొడవ పడక్కర్లేదు. ప్రతి బంకులో ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. అందులో పోసి చూపించమని అడిగే హక్కు మీకుంది. పొద్దున్నే పోయించుకుంటే ఎక్కువ వస్తుందనే మాట మాత్రం నమ్మకండి. ట్యాంకు నేల కింద ఉంటుంది, పగలూ రాత్రీ అక్కడి వేడి పెద్దగా మారదు.

చివరగా వంటింటి గ్యాస్. మనం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే, ఎక్కువగా గల్ఫ్ నుంచి. విశాఖలో రాతిని తొలిచిన గుహలో 60 వేల టన్నులు నిల్వ చేస్తారు. ఆ గ్యాస్‌ను బయటికి పోకుండా పట్టి ఉంచేది చుట్టూ రాతి పగుళ్లలోని నీటి ఒత్తిడి. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందుకే తలుపులు తీయాలి, స్విచ్ ముట్టకూడదు.

సిలిండర్ ఇంటికి వచ్చినప్పుడు అమ్మలు, అక్కలు రెండు చూడండి. పైన పట్టీ లోపల ఒక ఇంగ్లీషు అక్షరం, ఏడాది అంకె ఉంటాయి. సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాల్సిన గడువు అది. ఏ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. ఆ గడువు దాటితే తీసుకోకండి. రెండోది తూకం. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలపండి. తెచ్చిన అబ్బాయి దగ్గర కాటా ఉండాలి. తూచమని అడగండి, మొహమాటపడకండి.