లిల్లీ దుంప ఒక్కసారే పూస్తుంది

శ్రోతలందరికీ నమస్కారం. దండల్లోకీ కల్యాణ మండపాల అలంకరణకూ వాడే తెల్లటి లిల్లీ పూలు, అంటే కొందరు నేలసంపెంగ అని పిలిచే పూలు, ఇంట్లో కుండీలో కూడా బాగా పూస్తాయి. పెంచేవాళ్ల దగ్గర తరచూ వినపడే మాట మాత్రం ఒకటుంది: "మొదటి ఏడు ఘుమఘుమలాడింది, ఇప్పుడు గడ్డిలా ఆకులే వస్తున్నాయి."

లిల్లీలో ఒక దుంప తన జీవితంలో ఒక్కసారే పూకాడ వేస్తుంది. పూసిన దుంప మళ్లీ పూయదు. దాని చుట్టూ పిల్ల దుంపలు పుడతాయి. అవి బలిస్తే తర్వాతి పూత వాటిదే. కుండీలో అవి కిక్కిరిసిపోతే ఏదీ బలవదు, అందుకే ఆకులే మిగులుతాయి.

కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి. కడియం నర్సరీలోనైనా, మీ ఊరి విత్తనాల కొట్లోనైనా దుంపను చేతిలోకి తీసుకోండి. అడ్డంగా 2 నుంచి 3 సెంటీమీటర్లు ఉండాలి, గట్టిగా ఉండాలి, కొన సూదిగా ఉండాలి. నడుమ ఎండిపోయిన పాత కాడ మొదలు కనిపిస్తే అది పూసేసిన దుంప, వద్దనండి. అడుగుభాగాన్ని బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగబడితే కుళ్లు మొదలైనట్టే. తవ్విన వెంటనే నాటిన దుంప సరిగా మొలకెత్తదు. నీడలో నెల రోజులు ఆరినదే అడగండి.

రకాల్లో ఒంటిరేకువి, ముద్దవి అని ముఖ్యంగా రెండు తీర్లు. దండలకూ వాసనకూ ఒంటిరేకు రకాలే మేలు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన శృంగార్, ప్రజ్వల్ ఈ కోవలోవే. శృంగార్ వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగును తట్టుకుంటుంది, అందుకే కొత్తవారికి నా సలహా అదే. సువాసిని ముద్ద రకం, వైభవ్ సగం ముద్ద రకం. అవి కాడలతో ఫ్లవర్ వాజులో పెట్టుకోవడానికి బాగుంటాయి.

నాటడానికి జూన్, జూలై మంచి అదను. 12 అంగుళాల కుండీకి 3 దుంపలు చాలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. చేతికి తొడుగులు వేసుకుని, లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ అనే బూజుతెగుళ్ల మందు కలిపి దుంపల్ని అరగంట నానబెట్టి, ఆరనిచ్చి, కొన పైకి ఉండేలా 2 అంగుళాల లోతున పెట్టండి. మడిలో అయితే వరుసకు వరుస 30, దుంపకు దుంప 20 సెంటీమీటర్లు.

ఎక్కువమంది దెబ్బతినేది నీళ్ల దగ్గరే. నాటిన రోజు ఒకసారి తడిపి, మొలక కనిపించేదాకా మట్టి పైపొర ఆరితేనే మళ్లీ పోయాలి. ఆకు లేని దుంప నీటిని పెద్దగా వాడుకోదు; తడి నిలిస్తే కుళ్లిపోతుంది. వానాకాలంలో ఆకుల మొదట్లో తెల్లటి నూలుపోగుల్లాంటి బూజు, ఆవగింజలంత గోధుమరంగు గుండ్లు కనిపిస్తే అది మొదలుకుళ్లు. ఆ మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి పారేయండి. మిగతావాటికి ట్రైకోడెర్మా, అంటే తెగులును అణిచే మేలుచేసే శిలీంధ్రం, కలిపిన ఎరువు వేసి, నీరు నిలవకుండా చూడండి.

రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. నీడలో ఆకు పెరుగుతుంది కానీ కాడ రాదు. యూరియా ఎక్కువైనా అంతే. మొగ్గలు గోధుమరంగు మచ్చలతో మెలితిరిగితే తామరపురుగు పనే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

అన్నీ కుదిరితే 80 నుంచి 100 రోజుల్లో కాడ వస్తుంది. వాజు కోసమైతే కింది రెండు పూలు విచ్చుకోగానే కోయండి. కాడ కోసినా పచ్చటి ఆకుల జోలికి పోవద్దు. పిల్ల దుంపలకు తిండి వాటినుంచే అందాలి. నెలకో గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తుండండి.

కుండీలోని దుంపల్ని రెండేళ్లకోసారి తవ్వాలి. ఆకులు పసుపెక్కాక నీళ్లు ఆపి, మట్టి ఆరాక తీసి, విడదీసి, నీడలో ఒకే వరుసగా పరిచి, మధ్యమధ్య తిప్పుతుండాలి. నెల తర్వాత పెద్దవి పూతకు నాటుకోండి. ఒకటిన్నర సెంటీమీటరు కన్నా చిన్నవాటిని వేరే కుండీలో పెట్టండి. అవి ఆ ఏడు ఆకులే వేస్తాయి, మరుసటేడు పూస్తాయి.