నీటిమట్టానికి పైన: టైగర్ బంగారు గని రాళ్లు

(విజయవాడలో భూగర్భశాస్త్ర విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

అమెరికాలోని అరిజోనాలో, సొనోరన్ ఎడారిలో టైగర్ అనే గని ఊరు ఉండేది. అక్కడి మామత్-సెయింట్ ఆంథొనీ గనిని 19వ శతాబ్దం చివర్లో బంగారం కోసం తెరిచారు. 1950లలో మూసేశారు. ఆ తర్వాత ఊరు కూడా లేకుండా పోయింది. అయినా ఖనిజాలు సేకరించేవాళ్లు ఆ పేరు చెబితే ఇప్పటికీ చెవులు నిక్కబొడుచుకుంటారు. దానికి కారణం బంగారం కాదు, సీసం. మామతైట్, పైనలైట్, యెడ్లినైట్ అనే సీసపు ఖనిజాలను శాస్త్రవేత్తలు మొట్టమొదట గుర్తించింది ఆ గని రాళ్లలోనే.

ఒక్క గనిలో ఇన్ని ఖనిజాలు ఎలా పుట్టాయో తెలియాలంటే భూగర్భ జలమట్టం దగ్గర మొదలుపెట్టాలి. ఇక్కడ కృష్ణ ఒడ్డున కొద్ది మీటర్లు తవ్వితే నీళ్లు పడతాయి. ఎడారిలో వందల అడుగులు దిగాలి. నీటిమట్టానికి పైనున్న రాతిలోకి గాలి దూరుతుంది, ఎప్పుడో పడే వాన కూడా ఇంకుతుంది. కిందున్న రాతికి నీళ్లు అడ్డం కాబట్టి గాలి దాదాపుగా అందదు. అందుకే రాతి పగుళ్లలో నిండిన ఒకే క్వార్ట్జ్ (స్ఫటిక శిల) సిర పైన ఎర్రమట్టి రంగులో గుల్లబారి, కింద నల్లగా, గట్టిగా ఉంటుంది.

కింది భాగంలో ఉండేవి గంధకంతో కలిసిన ధాతువులు: గెలీనా (సీసానిది), స్ఫాలరైట్ (జింక్‌ది), పైరైట్ (ఇనుముది), చాల్కోపైరైట్ (రాగి, ఇనుములది). పైభాగంలో ముందుగా చెడేది పైరైట్. గాలి, తేమ తగలగానే అది సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. అందులోని ఇనుము తుప్పులాంటి గోథైట్ అనే ఖనిజంగా మిగులుతుంది. ఆక్సీకరణతో, అంటే ఆక్సిజన్‌తో కలవడం వల్ల, గెలీనా మీద మొదట ఆంగ్లిసైట్ (సీసపు సల్ఫేట్) పొర కడుతుంది. తర్వాత కార్బొనేట్ ఉన్న నీరు తగిలితే అది సెరుసైట్ (సీసపు కార్బొనేట్)గా మారుతుంది. ఈ రెండూ నీటిలో దాదాపుగా కరగవు కాబట్టి సీసం పుట్టినచోటే ఉండిపోతుంది. స్ఫాలరైట్ చెడితే వచ్చే జింక్ సల్ఫేట్ అలా కాదు, ఇట్టే కరిగి కొట్టుకుపోతుంది. ఆక్సీకరణ జరిగిన పైభాగంలో సీసం పుష్కలంగా ఉన్నా జింక్ పలచబడటానికి కారణం ఇదే.

ఆ సీసానికి మాలిబ్డినం తోడైతే వుల్ఫెనైట్ పుడుతుంది. పసుపు, నారింజ రంగుల్లో పలచని చతురస్రపు బిళ్లలు. వనేడియం, క్లోరిన్ తోడైతే వనడినైట్ వస్తుంది. ఎర్రటి ఆరుముఖాల కడ్డీలు. వుల్ఫెనైట్ బరువులో సుమారు 26 శాతం మాలిబ్డినమే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఉక్కును గట్టిపరచడానికి ఆ లోహానికి గిరాకీ పెరిగింది. అప్పుడు బంగారు గనే మాలిబ్డినం గనిగా పనికొచ్చింది.

పైరైట్ వదిలే సల్ఫ్యూరిక్ ఆమ్లానికి బంగారం లొంగదు. చుట్టూ ఉన్న పైరైట్ చెడిపోయాక అది విడి రేణువులుగా మిగులుతుంది. పైభాగపు రాయిని దంచి, పాదరసంతోనో సైనైడ్‌తోనో బంగారాన్ని తేలిగ్గా రాబట్టవచ్చు. నీటిమట్టం దిగువన అది చాలాసార్లు పైరైట్‌లోనే చిక్కుకుని ఉంటుంది, ఖర్చు పెరుగుతుంది. పైగా నీళ్లు తోడాలి. ఎడారిలో ఎన్నో బంగారు గనులను సరిగ్గా ఆ లోతులోనే వదిలేశారు.

ఇక రాయిని గుర్తుపట్టడం. రంగును నమ్మకండి, బరువు తూచండి. రాయిని గాలిలో తూచి, తర్వాత దారంతో నీటిలో వేలాడదీసి మళ్లీ తూచండి. గాలిలో 150 గ్రాములు, నీటిలో 128 గ్రాములు వచ్చాయనుకోండి. తగ్గింది 22. 150ని 22తో భాగిస్తే సుమారు 6.8. వుల్ఫెనైట్ సాంద్రత అంతే ఉంటుంది. క్వార్ట్జ్‌ది 2.65 మాత్రమే. రాయికి క్వార్ట్జ్ అంటుకుని ఉంటే లెక్క తగ్గిపోతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి శుభ్రమైన ముక్కనే తూచండి.

సెరుసైట్‌ను ఆంగ్లిసైట్ నుంచి వేరుచేయాలంటే సజల నత్రికామ్లం ఒక్క చుక్క వేయండి. సెరుసైట్ నురగలు కక్కుతుంది, ఆంగ్లిసైట్ కదలదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే సీసపు క్లోరైడ్ పొర కట్టి నురగ ఆగిపోతుంది, పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. బంగారమా, పైరైటా అని సందేహం వస్తే సూదితో నొక్కి చూడండి. బంగారం సొట్టపడుతుంది, పైరైట్ చిట్లుతుంది.

ఇవన్నీ సీసం రాళ్లు. పొడిగా దంచవద్దు, తడిపి దంచండి. మాస్కు పెట్టుకోండి, తినేముందు చేతులు కడుక్కోండి.

గని లోపలికి మాత్రం ఎవరూ దిగకండి. పైరైట్ ఆక్సీకరణ చెందుతూ లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. గాలిలో 20.9 శాతం ఉండాల్సినది 19.5 కంటే తగ్గితే చాలు, ప్రమాదమని లెక్క. ముక్కుకు ఏ వాసనా తగలదు, స్పృహ తప్పేదాకా తెలియదు. చూడాల్సిందంతా బయట రాతి దిబ్బల మీదే దొరుకుతుంది, అదీ స్థల యజమాని అనుమతితో. మన వినుకొండ వైపు అగ్నిగుండాల దగ్గర మూతపడిన బండలమొట్టు సీసం గనికి వెళ్లినా ఇదే నియమం. అక్కడ ఏరిన గెలీనా ముక్క మీద తెల్లటి పొర ఉంటే గోకేయకండి. ముందు నత్రికామ్లం చుక్క వేసి అదేమిటో తేల్చుకోండి.