నిలబడిన న్యాయమూర్తి

అధ్యక్షులవారికి, గ్రంథాలయ కార్యదర్శిగారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో ఫోను చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. మోకాళ్ల నొప్పి వల్ల కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

వారోత్సవాల సందర్భంగా నాకిచ్చిన అంశం ‘పుస్తక పఠనం వల్ల ప్రయోజనాలు’. ఆ ప్రయోజనాలు మీ అందరికీ తెలుసు. తెలిసీ చదవరు. కాబట్టి ఆ అంశం వదిలేస్తున్నాను. కోర్టులో గుమాస్తాగా చేరి, ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి, శిరస్తాదారుగా, అంటే గుమాస్తాల మీద పెద్దగా, దిగిపోయినవాణ్ణి. కోర్టు మాటే చెబుతాను.

బోస్టన్‌లో ఉన్న మా అమ్మాయి నన్ను అక్కడి శాసనసభకు తీసుకువెళ్లింది. సభా మందిరం గోడ మీద పెద్ద చిత్రం ఉంది. చర్చిలో అందరి మధ్య ఒక్క మనిషి లేచి నిలబడ్డాడు. ఎవరని అడిగాను. శామ్యూల్ సూయల్, జడ్జి. ఆ పేరు పట్టుకుని ఇంటికొచ్చి, మూడు నెలలు ఆయన దినచర్య పుస్తకమే చదివాను.

1652లో ఇంగ్లండులో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు మసాచుసెట్స్ వలస రాజ్యానికి వచ్చాడు. హార్వర్డ్‌లో చదివి, 1676లో టంకశాల అధికారి జాన్ హల్ కూతురు హానాను పెళ్లాడాడు. పిల్లను త్రాసులో కూర్చోబెట్టి, ఆమె ఎత్తు వెండి షిల్లింగులు కట్నంగా తూచాడట మామగారు. కట్టుకథే. కానీ మన తులాభారంలాగా తులసిదళం వెతుక్కోవలసిన అవసరం మాత్రం రాలేదు. ఆ దంపతులకు పద్నాలుగు మంది పిల్లలు. పెరిగి పెద్దవాళ్లయింది ఆరుగురే.

ఇక 1692. సేలం. తమిళనాడు సేలం కాదు, మసాచుసెట్స్ సేలం. మంత్రగత్తెలన్న నేరం మీద విచారణకు తొమ్మిది మంది జడ్జీలను వేశారు. అందులో సూయల్ ఒకడు. సాక్ష్యం ఏమిటో తెలుసా? ‘ఈమె రూపం నా కంటికి కనిపించి నన్ను గిల్లింది’ అనడం! మిగతావాళ్లకు కనిపించని రూపం! వకీళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మీరే చెప్పండి, అది సాక్ష్యమేనా? దాని మీద పంతొమ్మిది మందిని ఉరితీశారు. ఏ మాటా ఒప్పుకోని గైల్స్ కోరీ అనే ముసలాయన మీద బండలు పేర్చి చంపారు.

తరవాత అందరూ ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. 1696 మే నెలలో సూయల్‌కు బిడ్డ చనిపోయి పుట్టాడు. డిసెంబరులో రెండేళ్ల కూతురు సారా పోయింది. ఆ మర్నాడు ఇంట్లో కొడుకు బైబిలు చదువుతున్నాడు. ‘నిర్దోషులను దోషులని తీర్చి ఉండేవారు కాదు’ అన్న వాక్యం వచ్చింది. అది సేలం విషాదాన్ని భయంకరంగా గుర్తుకు తెచ్చిందని రాసుకున్నాడు. పాపను పెట్టడానికి కుటుంబ సమాధి తెరిచినప్పుడు, లోపల తన వాళ్ల పెట్టెలు ఏ వరసలో ఉన్నాయో చూస్తూ ఉండిపోయాడు.

1697 జనవరి 14, ఉపవాస దినం. చర్చిలో పాదిరి విల్లర్డ్ పక్క నుంచి నడిచి వెళుతుంటే సూయల్ ఆయన చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఆ తప్పు, ఆ సిగ్గు తనవేనని, మనుషులూ దేవుడూ తనను క్షమించాలని అందులో ఉంది. పాదిరి అది చదువుతున్నంతసేపూ సూయల్ నిలబడ్డాడు. అయ్యాక తల వంచాడు. అక్కడి విచారణకు పెద్ద జడ్జి స్టౌటన్. ఆయన చివరిదాకా నోరు విప్పలేదు.

పిల్లలు పోకపోతే సూయల్ మాత్రం నిలబడేవాడా అని మా అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మనిషి అంత గంభీరుడేమీ కాదు. భార్య పోయాక, అరవై ఎనిమిదో ఏట వింత్రాప్ అనే వితంతువును పెళ్లాడమని బతిమాలాడు. చక్కెర బాదం పప్పులు పట్టుకెళ్లి, వాటి ధర కూడా రాసుకున్నాడు! ఆమె గుర్రపు బండి పెట్టమంది, తలకు విగ్గు పెట్టుకోమంది. పుట్టకముందే నాకు జుట్టు ఏర్పాటు చేసిన దేవుణ్ణి వదిలి ఇంకొకరి దగ్గరికి వెళ్లనన్నాడు. పెళ్లి కుదరలేదు. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, సూయల్ 1700లో బానిసల అమ్మకానికి ఎదురు తిరిగి ‘జోసెఫ్ అమ్మకం’ అనే చిన్న పుస్తకం వేశాడనీ, 1718లో ప్రధాన న్యాయమూర్తి అయ్యాడనీ చెప్పి వదిలేస్తాను.

నాకు కావలసింది ఆ బాదం పప్పుల ధర. సేలం విషాదం గుర్తొచ్చిందని రాసిన చేత్తోనే అదీ రాశాడు. రెండూ దాచలేదు.

బాబూ, ఆ చేతికర్ర ఇటు అందించు. ఈ ఒక్క మాట నిలబడి చెప్పాలి.

1989 జనవరి 12 సాయంత్రం ఒక బెయిలు ఉత్తర్వు మీద సంతకం అయింది. సబ్ జైలుకు పంపవలసింది నేను. సంక్రాంతికి ఊరెళ్లే బస్సు తప్పిపోతుందని కాగితం కట్ట కింద పెట్టి, మరిచి వెళ్లిపోయాను. 17న వచ్చి పంపాను. పండగ మొత్తం ఆ మనిషి లోపలే ఉన్నాడు. ఎవరూ అడగలేదు. డిస్పాచ్ రిజిస్టరులో మాత్రం 12 అని ఉంటుంది. అది రాసింది నేను.