పక్కింటి పార్శిల్

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం వేళ. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే కొరియర్ అబ్బాయి. "పక్కింట్లో ఎవరూ లేరండీ, ఈ పార్శిల్ మీరు తీసుకుంటారా?" మనం ఏమంటాం? "ఇలా ఇవ్వు బాబూ" అంటాం. ఓ సంతకం గీకేసి, పెట్టెను చెప్పుల స్టాండు పక్కన పెట్టి, మళ్లీ పొయ్యి దగ్గరికి పరుగు. అంతా కలిపి అర నిమిషం.

నేనూ సరిగ్గా అదే చేశాను. ఈ పూట ఆ అర నిమిషం గురించే మాట్లాడతాను.

పండగ వెళ్లి అప్పటికి నాలుగు రోజులైంది. పండగ రద్దీలో పార్శిళ్లు ఆలస్యం కావడం మామూలే కదా. పక్కింటి అమ్మాయి ఊరెళ్లింది. నేను పెట్టె తీసుకున్నాను, మరిచిపోయాను. తెల్లారి చూస్తే చెప్పుల స్టాండు చుట్టూ నీళ్లు. ఎవరు ఒలకబోశారని ఇంట్లో అందరినీ కేకలేశాను. తీరా చూస్తే నీళ్లు పెట్టె లోంచి వస్తున్నాయి. ఎత్తి తిప్పి చూశాను. అడుగున ఎర్ర అక్షరాలతో చీటీ: "అందిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టవలెను." ఆ చీటీని అడుగున ఎందుకు అంటిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "అయ్యో, అమ్మ పంపిందక్కా! మీరే తెరిచి చూడండి" అంది. తనదే కాబట్టి వీడియో కాల్‌లో తనకు చూపిస్తూనే తెరిచాను. లోపల థర్మాకోల్ పెట్టె, కరిగిపోయి మెత్తబడ్డ జెల్ ప్యాకులు రెండు. ఒకటి చిరిగింది, నీళ్లు దాని లోంచే. వండిన మాంసం ఒక డబ్బా, క్రీమ్ పూసిన కేకు, బిస్కెట్ల డబ్బా, ఒక తేనె సీసా. పైన మడిచిన ఉత్తరం. అది నేను చదవలేదు లెండి.

"వాసన ఎలా ఉందక్కా?" అని అడిగింది. నిజం చెప్పాలంటే వాసన బాగానే ఉంది. నోరూరేలా ఉంది. చిక్కంతా అక్కడే. ఆహారం పులిసిపోయేలా చేసే సూక్ష్మజీవులు వేరు, మనల్ని మంచాన పడేసేవి వేరు. మొదటివి వాసనతో పట్టిస్తాయి. రెండోవి చాలాసార్లు ఏ వాసనా లేకుండా, రంగు మారకుండా, రుచి చెడకుండా ఊరుకుంటాయి. ముక్కును నమ్మితే లాభం లేదు.

"పోనీ, బాగా మరగబెట్టి తింటే?" అంది. ఇదీ మనందరం అనే మాటే. మరిగిస్తే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది, నిజమే. కానీ కొన్ని రకాలు అప్పటికే విషాన్ని వదిలి ఉంటాయి. స్టెఫైలోకాకస్ అనే దాని విషం మరిగే వేడికి కూడా చెక్కుచెదరదు. దొంగ పోయినా వాడు పెట్టిన నిప్పు ఆరదు కదా, అలాగన్నమాట.

లెక్క కూడా చెబుతాను, ఒక్కటే లెక్క. సుమారు 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల దాకా ఉండే వేడి ఈ బ్యాక్టీరియాకు బాగా అనుకూలం. అన్నీ కుదిరితే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతాయి. ఒకటి గంటలో 8 అవుతుంది. రెండు గంటల్లో 64. నాలుగు గంటలకు 4096! అందుకే వండిన మాంసం, పాలు, క్రీమ్ ఉన్నవి బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని అంటారు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే.

మరి మా పార్శిల్ ఎంతసేపు బయట ఉంది? ఇక్కడ నేను దొరికిపోయాను. "ఎన్నింటికి వచ్చిందక్కా?" అని అడిగింది. ఆరున్నరా? ఏడున్నరా? "తీసుకున్నప్పుడు చల్లగా ఉందా?" రెండు చేతులతో పట్టుకుని లోపలికి తెచ్చింది నేనే. నాకే తెలీదు! వచ్చినప్పుడు లోపలివి ఇంకా గడ్డకట్టి ఉన్నా, కనీసం ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా, అంటే 4 డిగ్రీల లోపు ఉన్నా, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే దక్కేవి. నాలుగు రోజులు ఆలస్యమైన పెట్టె, అప్పటికే పాడైందేమో కూడా. నా తప్పా, దారిలో తప్పా? తేల్చే దారి లేకుండా చేసింది మాత్రం నేనే.

కేకూ మాంసమూ పారేశాం. ఆ డబ్బా చెత్తలో వేస్తుంటే ఎవరో పెద్దావిడ పొయ్యి దగ్గర నిలబడి వండుతున్నట్టే కనిపించి ప్రాణం ఉసూరుమంది. బిస్కెట్లూ తేనే ఉంచాం. బిస్కెట్లలో తడి లేదు, తేనెలో చక్కెర ఎక్కువ. అలాంటి వాటిలో బ్యాక్టీరియా పెరగడం కష్టం. వాటికి నాలుగు రోజుల ఆలస్యం ఒక లెక్క కాదు.

ఆ అమ్మాయి వాళ్లమ్మతో "అన్నీ తిన్నామమ్మా, చాలా బాగున్నాయి" అని చెప్పేసింది. నాకు అది నచ్చలేదు. బాధపెట్టకూడదని అలా అంటాం, తెలుసు. కానీ ఆవిడ వచ్చే ఏడు కూడా అదే పెట్టెలో అదే మాంసం పంపుతుంది కదా? ఆ మాటే అన్నాను. రెండు రోజులు ఆలోచించి నిజం చెప్పింది. ఆవిడ ఏమీ అనుకోలేదట. "ముందే ఫోన్ చేసి పంపాల్సింది" అని తననే తిట్టుకుందట. కొట్టు నుంచి తెప్పించిందైతే ఇంకా తప్పకుండా చెప్పాలి. ఫొటో తీసి, ఆ రోజే చెబితే డబ్బు వెనక్కి వచ్చే వీలుంటుంది. తల్లి వండినదానికి ఆ వీలు లేదు.

మరి పక్కింటి పార్శిల్ తీసుకోవద్దా? అయ్యో, అలా అనను. తీసుకోండి. అయితే సంతకం గీకే ముందు పెట్టెను ఓసారి అటూ ఇటూ తిప్పి చూడండి, అడుగుతో సహా. తడి ఉందా, చల్లగా ఉందా, తినే వస్తువని రాసి ఉందా. ఉంటే కొరియర్ అబ్బాయి గుమ్మంలో ఉండగానే పక్కింటివాళ్లకు ఫోన్ కొట్టండి. డ్రై ఐస్ అని రాసి ఉంటే ఒట్టి చేత్తో తాకొద్దు, గాలాడని గదిలో పెట్టొద్దు. అది మైనస్ 78 డిగ్రీల చలి, కరిగితే నీరు కాదు, కార్బన్ డయాక్సైడ్ వాయువు అవుతుంది.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్కటి చేయండి. పెట్టె మీద టైమ్ రాయండి. ఎన్నింటికి వచ్చింది, చల్లగా ఉందా లేదా. "6.40, చల్లగా ఉంది." అంతే. రాసింది ఫొటో తీసి పక్కింటికి పంపండి. ఉంచాలో పారేయాలో అప్పుడు వాళ్లే తేల్చుకుంటారు. మీ మీద భారం ఉండదు.

నేను ఆ రోజే మా తలుపు పక్కన మేకుకు దారం కట్టి ఒక పెన్ను వేలాడదీశాను. మా ఇంట్లో పెన్ను ఒకచోట నిలబడటం ఎప్పుడైనా చూశారా? పిల్లలు ఎత్తుకెళ్తారు, నేను మళ్లీ తెచ్చి కడతాను. ఇది ఆరోదో ఏడోదో. నిన్న చూస్తే మళ్లీ దారం ఒక్కటే వేలాడుతోంది.

నమస్కారం.