ఆ రోజు బెండు పడవలోనే ఉంది

(నవంబర్ 21, ప్రపంచ మత్స్యకార దినోత్సవం. విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, పని మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడ్డ కుర్రాళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ పది నిమిషాలే ఇచ్చారు. చేపల ధరల గురించి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం గురించి చెప్పేవాళ్లు నా తర్వాత ఉన్నారు. నన్ను బెండు గురించి మాట్లాడనివ్వండి.

వలకు కట్టే బెండు కాదు. ఈటె తుపాకీతో చేపను కొట్టడానికి ఊపిరి బిగబట్టి నీళ్లలోకి దిగే మనిషికి గుర్తుగా పైన తేలేది. ఇదిగో, ఈ నారింజ రంగుది. మన కుర్రాళ్లు తుపాకీకి వేలు పోస్తున్నారు, మాస్కుకీ, కాళ్లకు తొడిగే ఫిన్స్‌కీ పోస్తున్నారు. బెండు, తాడు, కత్తి దగ్గరికి వచ్చేసరికి "ఎందుకులే" అంటున్నారు. ఆ మాట నేనూ అన్నాను.

లైట్ హౌస్‌కు ఎదురుగా సముద్రంలో ఉన్న రాళ్లు మీకు తెలుసు. అక్కడ మా బావ, అంటే మా చెల్లెలి భర్త, నేను దిగాం. ఏడు బారల లోతు, బారంటే ఆరడుగులు. బావ బెండు తాడు విప్పుతుంటే "అది రాళ్లకు చుట్టుకుంటుంది, అడ్డం, వదిలెయ్ బావా" అన్నది నేనే. బావ పెద్ద చేపను కొట్టాడు. అది ఈటెతో సహా రాతి సందులో దూరింది. పైకొచ్చి నాలుగు ఊపిర్లు పీల్చి మళ్లీ దిగాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ దిగాడు. నేను ఇరవై బారల అవతల నా చేపను వెతుక్కుంటున్నాను. తలెత్తి చూస్తే బావ లేడు. కేక లేదు, నీళ్లలో అలికిడి లేదు. ఎక్కడని దిగను? బెండు పైన ఉంటే ఆ తాడు పట్టుకుని నేరుగా ఆ సందు దగ్గరికి పోయేవాణ్ణి. బెండు పడవలోనే ఉంది. ఊరి తెప్పలన్నీ వచ్చి వెతికితే సాయంత్రానికి దొరికాడు.

ఎందుకలా జరుగుతుందో తర్వాత తెలుసుకున్నాను. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. పైకి వస్తుంటే అది తగ్గిపోతుంది, దాంతో ఊపిరితిత్తుల్లో మిగిలిన కాస్త ప్రాణవాయువు ఒంటికి అందదు. ఆఖరి బారలోనో, తల నీళ్లపైకి వచ్చాకో స్పృహ పోతుంది. దిగేముందు గబగబా ఊపిరి తీస్తే ఇంకా ప్రమాదం, ఊపిరాడని బాధే తెలియదు. కింద ఒక నిమిషం ఉంటే పైన రెండు నిమిషాలైనా ఉండాలి. ఒకడు దిగితే ఇంకొకడు పైనుంచి చూడాలి. వాడు పైకొచ్చాక కూడా 30 సెకన్లు కళ్లు తిప్పకూడదు.

తాడు చుట్టుకుంటుందన్న నా భయం ఉత్తిది కాదు. అయితే చుట్టుకునేది నైలాన్ తాడు, అది మునుగుతుంది. మనం ప్లాస్టిక్ తాడంటామే, పాలీప్రొపిలీన్, అది తేలుతుంది. ఏడు బారల లోతుకు పది బారలు చాలు. ఆ చివర తుపాకీకి కట్టాలి, చేతికి కాదు.

ఆ వెనక నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు ఎక్కడ కడుతున్నావు? మణికట్టుకా? వద్దు తమ్ముడూ. చేప రాతిలోకి లాగితే నువ్వూ దానితోనే ఉండిపోతావు. కత్తి కూడా పిక్కకు కాదు, ఏ చేతికైనా అందేలా నడుం ముందు పెట్టుకో. మునగడానికి బరువుగా కట్టుకునే సీసం బెల్టు ఒక్క లాగుకి ఊడిపోవాలి. బెండు మీద జెండా ఉంటే మోటారు పడవవాడు నీ తల మీదికి రాడు.

టైం అయిందని చీటీ పంపారు. అయిపోయింది, ఒక్క మాట. ఇరవై తాళ్లు కోసి తెచ్చాను, ఒడ్డున నా పడవలో ఉన్నాయి. తుపాకీలున్నవాళ్లు సభ అయ్యాక తీసుకు రండి, నేనే కట్టిస్తాను. మా మేనల్లుడు మూడో వరసలో ఉన్నాడు. వాడికి పందొమ్మిదేళ్లు, పోయిన నెల తుపాకీ కొన్నాడట, వాళ్లమ్మకు చెప్పలేదు. ఒరే, ముందు నువ్వు రా.