కుట్టు మిషన్ మీద మొదటి పని: జిప్పు లేని కుషన్ కవరు

నమస్తే అండీ. ఈ రోజు ఒకటే పని, కుషన్ కవరు. జిప్పు లేదు, గుండీలు లేవు. ఇదిగో, పూర్తయితే ఇలా ఉంటుంది. వెనక్కి తిప్పి చూపిస్తా. చూశారా, రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. కుషన్ ఈ మధ్యలోంచి లోపలికి వెళ్ళిపోతుంది. అంతే.

మొదటి పనిగా ఇదే ఎందుకంటే, ఇందులో అన్నీ తిన్నటి గీతలే. మిషన్ రాగానే చొక్కానో గౌనో మొదలుపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అందులో మెడ వంపు ఉంటుంది, చేతులు గుండ్రంగా అతకాలి. మిషన్ ఇంకా చేతికి అలవాటు కాకముందే అవన్నీ వచ్చి పడితే విసుగొచ్చి మూల పెట్టేస్తారు. అలా మూలపడ్డ మిషన్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకని ముందు తిన్నగా కుట్టడం. బాగా తిన్నగా.

గుడ్డ. నూలు గుడ్డ తీసుకోండి, మరీ పల్చన కాదు, మరీ మందం కాదు. శాటిన్, జార్జెట్, సాగే గుడ్డ ఇప్పుడు వద్దు, జారిపోతాయి. పాత దుప్పటి ఉన్నా చాలు, నిజానికి అదే మేలు, ఇక కుంచించుకుపోదు. కొత్త గుడ్డ అయితే ఒకసారి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. ఉతకకుండా కుడితే కవరు మొదటి ఉతుకులోనే బిగుతయిపోతుంది.

కొలత చెప్తాను, రాసుకోండి. నా కుషన్ 16 అంగుళాలు ఇటు, 16 అంగుళాలు అటు. గుడ్డ వెడల్పు 17 అంగుళాలు. అంటే 16కి రెండు పక్కలా అరంగుళం చొప్పున కుట్టు మార్జిన్. పొడవు 39 అంగుళాలు. ఎలాగంటే, ముందు వైపు 16, వెనక వైపు 16, రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి 5, రెండు చివరలా అంచు మడవడానికి అంగుళం అంగుళం, మొత్తం 2. కలిపితే 39. మీ కుషన్ వేరే సైజు అయితే 16 ఉన్న చోట మీ అంకె పెట్టుకోండి.

చాక్‌తో గీసేసుకున్నాను, స్కేలు పెట్టి, ఇలా. కత్తిరించేస్తున్నా. గుడ్డని బల్ల మీదే ఉంచండి, చేత్తో పైకెత్తి కత్తిరించొద్దు. సరే, ముక్క రెడీ.

ఇప్పుడు మిషన్. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం.

సూది 90, అదే 14 నంబరు. ప్యాకెట్ మీద 90/14 అని ఉంటుంది. ఈ 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లు. మామూలు నూలు గుడ్డకి ఇదే సరిపోతుంది. పల్చటి గుడ్డకి 80/12, జీన్స్‌కి 100/16. సూదిని దగ్గరగా చూపిస్తాను. ఒక వైపు పొడవుగా గాడి ఉంది, కనిపిస్తోందా? దారం ఎప్పుడూ ఈ గాడి ఉన్న వైపు నుంచే బెజ్జంలోకి వెళ్ళాలి. ఇంట్లో వాడే మిషన్లలో చాలావాటికి ముందు నుంచి వెనక్కి, కొన్నిటికి పక్క నుంచి. చేతి సూదికి బెజ్జం వెనక ఉంటుంది, దీనికేమో మొన దగ్గరే ఉంటుంది. అమెరికాకి చెందిన ఎలియాస్ హోవ్ 1846లో పేటెంట్ తీసుకున్న మిషన్‌లో కూడా బెజ్జం మొన దగ్గరే. సూది పూర్తిగా అవతలికి దూరి బయటికి రానక్కర్లేదు. మొన కిందికి వెళ్ళి దారాన్ని ఉచ్చులా వదిలితే, కింద ఉన్న కొక్కెం దాన్ని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. బాబిన్ అంటే కింద దారం చుట్టి పెట్టే చిన్న రీలు. పై దారం, కింద దారం గుడ్డ మధ్యలో కలుసుకుంటాయి. ఈ మాట గుర్తుంచుకోండి, గుడ్డ మధ్యలో. ఇంకాసేపట్లో పనికొస్తుంది.

బాబిన్ చుట్టేశాను. కేసులో పెట్టి, దారాన్ని ఈ చీలికలోంచి లాగి, ఈ రేకు కిందికి తెచ్చి, ఇలా. టిక్ అని కూర్చుంటుంది. లోపల పెట్టేశాను.

ఇక పై దారం. ఆగండి. ముందు ఫుట్ పైకెత్తండి. ఫుట్ అంటే సూది దగ్గర గుడ్డని నొక్కి పట్టే ఈ పాదం, కింద కాలితో తొక్కే పెడల్ కాదు. వెనక ఉన్న ఈ లివర్ ఎత్తండి. ఎత్తారా? ఇప్పుడే దారం ఎక్కించండి. ఫుట్ దించి ఉన్నప్పుడు దారం ఎక్కించకూడదు.

ఎందుకో చెప్తాను, నాకు ఈ వీడియోలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఇక్కడ, దారం బిగుతు మార్చే ఈ టెన్షన్ చక్రం వెనక, రెండు చిన్న రేకులు ఉంటాయి. దారం ఆ రెండిటి మధ్యలోంచి వెళ్ళాలి. ఫుట్ పైకెత్తితే ఆ రేకులు విడిపోతాయి, దారం లోపలికి దిగుతుంది. ఫుట్ దించితే బిగుసుకుని దారాన్ని పట్టుకుంటాయి. మీరు ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే, రేకులు మూసుకునే ఉంటాయి కాబట్టి దారం పైపైన ఉండిపోతుంది. చూడ్డానికి అన్నీ సరిగ్గానే ఉన్నట్టుంటుంది. కుట్టడం మొదలుపెడితే పైన బానే కనిపిస్తుంది. గుడ్డ తిప్పి చూస్తే కింద దారం గుబురుగా, ఉండలు ఉండలుగా.

కింద గుబురు కనపడగానే ఎవరైనా ఏం చేస్తారు? బాబిన్ తీస్తారు. మళ్ళీ చుడతారు. కేసు స్క్రూ తిప్పుతారు. అదేమీ వద్దు. కింద గుబురు కడితే తప్పు పైన ఉంటుంది. మళ్ళీ చెప్తున్నా, కింద గుబురు కడితే పై దారం చూడాలి. పైన పట్టు లేదు కాబట్టి పై దారం వదులుగా కిందికి జారిపోయి ఉండలు కడుతోంది. ఆ దారం బాబిన్‌ది కాదు, పైదే.

నిజంగా ఎక్కిందో లేదో తెలుసుకోడానికి చిన్న పరీక్ష. దారం ఎక్కించాక, సూదిలోకి ఎక్కించే ముందు, ఫుట్ పైకే ఉంచి దారం లాగండి. ఇలా సులువుగా వచ్చేస్తుంది. ఇప్పుడు ఫుట్ దించి లాగుతున్నా. చూడండి, బిగుతుగా ఉంది, కష్టంగా వస్తోంది. తేడా తెలిసిందా? తేడా ఉంటే దారం రేకుల మధ్య ఉన్నట్టు. రెండుసార్లూ ఒకేలా సులువుగా వచ్చేస్తే, మొత్తం తీసేసి, ఫుట్ ఎత్తి, మొదటి నుంచి ఎక్కించండి.

పైకీ కిందికీ ఆడే ఈ లివర్‌లోకి కూడా తప్పకుండా దారం వెళ్ళాలి. మిషన్ పక్కనున్న పెద్ద చక్రం చేత్తో మీ వైపుకి తిప్పండి, ఎప్పుడూ మీ వైపుకే, లివర్ పైకి వచ్చాక తగిలించండి. తర్వాత సూది. పై దారం కొస పట్టుకుని చక్రం ఒక చుట్టు తిప్పితే కింద దారం ఇలా ఉచ్చులా పైకొస్తుంది. లాగేసి, రెండు కొసలూ వెనక్కి పెట్టేయండి.

ఇప్పుడు పనికిరాని ముక్క ఒకటి రెండు పొరలుగా మడిచి కుట్టి చూద్దాం. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు. ఇక్కడ నేను ఒకటి చేస్తాను, నేర్చుకునేవాళ్ళందరికీ అదే చెప్తాను. పైన ఎర్ర దారం, బాబిన్‌లో నీలం దారం. ఒకే రంగు అయితే ఏది ఎక్కడ తేలిందో తెలీదు. రంగులు వేరయితే గుడ్డే చెప్పేస్తుంది. పైన ఎరుపు మాత్రమే, కింద నీలం మాత్రమే కనిపిస్తే ముడి గుడ్డ మధ్యలో పడుతున్నట్టు. కింద ఎరుపు తేలితే పైన వదులు. పైన నీలం తేలితే పైన బిగుతు ఎక్కువ. టెన్షన్ నంబరు చాలా మిషన్లలో 4 దగ్గర మొదలుపెట్టొచ్చు. అయితే నంబరు తిప్పడం ఆఖరి పని. ముందు పై దారం తీసి మళ్ళీ ఎక్కించండి, తర్వాత బాబిన్ తీసి పెట్టండి, తర్వాత సూది మార్చండి. అప్పటికీ కుదరకపోతేనే నంబరు, అదీ అర అర చొప్పున.

ఇంకో మాట, మొదలుపెట్టేటప్పుడు దారం కొసలు రెండూ వేలితో పట్టుకోండి, మూడు నాలుగు కుట్లు పడేదాకా. వదిలేస్తే లోపలికి పోయి చుట్టుకుంటాయి.

తిన్నగా కుట్టాలంటే సూదిని చూడకండి. సూది దాని పని అది చేసుకుంటుంది. మీరు గుడ్డ అంచుని చూడండి. సూది నుంచి కుడివైపుకి అరంగుళం కొలిచి నేను ఇక్కడ రంగు టేపు అంటించాను, చూడండి. సూది కింద ఉన్న ప్లేటు మీద గీతలు ఉంటాయి, ఉన్నా నాకు టేపే ఇష్టం, గుడ్డ అంచు దానికి ఆనుకుంటూ వెళ్ళిపోతుంది. గుడ్డని లాగొద్దు, తొయ్యొద్దు. కింద పళ్ళు ఉన్నాయి కదా, అవే జరుపుతాయి. లాగితే సూది వంగి ప్లేటుకి తగిలి విరుగుతుంది. భయంగా ఉంటే ముందు దారం లేకుండా, గీతల కాగితం పెట్టి, గీత మీద పొడుచుకుంటూ వెళ్ళండి. కాగితం మీద రంధ్రాలు గీత మీదే పడుతున్నాయా లేదా చూస్తే సరిపోతుంది. తర్వాత ఆ సూది గుడ్డకి వాడకండి, మొన మొద్దుబారుతుంది.

సరే, కవరు. 17 అంగుళాల చివర అరంగుళం మడిచి ఇస్త్రీ, ఇంకో అరంగుళం మడిచి ఇస్త్రీ. పచ్చి అంచు, అంటే కత్తిరించిన అంచు, లోపలికి వెళ్ళిపోయింది. రెండో చివరా అంతే. కొలవడం విసుగు అనిపిస్తే అట్టముక్క మీద అరంగుళం గీత గీసి, గుడ్డ అంచుని ఆ గీత దాకా మడిచి అట్ట మీదే ఇస్త్రీ చేసేయండి. నేను ఇలాగే చేస్తాను. ఇస్త్రీ పెట్టె మిషన్ పక్కనే పెట్టుకుంటాను, దూరంగా ఉంటే మానేయబుద్ధవుతుంది. పెట్టెని రుద్దకండి, ఆనించి ఎత్తండి, రుద్దితే గుడ్డ సాగుతుంది.

మడత లోపలి అంచు పక్కనే కుట్టేస్తున్నా. మొదట్లో మూడు కుట్లు ముందుకి, మూడు వెనక్కి, మళ్ళీ ముందుకి. చివర కూడా అంతే. రెండో చివర... అయిపోయింది. ఇప్పుడు పొడవు 37 అంగుళాలు ఉండాలి. కొలవండి.

గుడ్డ మంచి వైపు పైకి పెట్టండి. ఎడమ చివరని 10న్నర అంగుళాలు లోపలికి మడవండి. కుడి చివరని కూడా 10న్నర, దాని మీదికి. మధ్యలో 5 అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, మొత్తం 16 అంగుళాల చదరంలా వచ్చింది. ముందు మడిచిన రెక్క తిరగేశాక బయటికి వస్తుంది. అందుకని ఏ అంచు కుట్టు అందంగా వచ్చిందో దాన్ని ముందు మడవండి.

పిన్నులు పెట్టండి, తల బయటికి ఉండేలా. క్లిప్పులు ఉన్నా పర్వాలేదు, మందపు చోట నాకు క్లిప్పులే ఇష్టం. పిన్ను మీంచి కుట్టకండి, సూది దగ్గరికి రాగానే తీసేయండి.

పచ్చి అంచులు పైనా కిందా రెండు ఉన్నాయి. రెండూ అరంగుళం లోపల కుట్టేయాలి. మొదలు, వెనక్కి మూడు కుట్లు, ముందుకి... ఇదిగో, మడత దగ్గర మందంగా ఉంది, పొరలు ఎక్కువ. ఇక్కడ పెడల్ వదిలేసి చక్రం చేత్తో తిప్పండి, ఒక్కొక్క కుట్టూ. దాటాక వెనక్కి వచ్చి మళ్ళీ ఒకసారి ముందుకి. కుషన్ పెట్టి తీసేటప్పుడు ఈ చోటే లాగుతుంది కాబట్టి ఇక్కడ కుట్టు గట్టిగా ఉండాలి. రెండో అంచు కూడా ఇలాగే.

పచ్చి అంచు మీద జిగ్‌జాగ్, అంటే అటూ ఇటూ పడే వంకర కుట్టు, వేసేస్తున్నా, పోగులు ఊడకుండా. జిగ్‌జాగ్ లేని మిషన్ అయితే మార్జిన్‌లోనే, మొదటి కుట్టుకి కొంచెం ఎడంగా ఇంకో తిన్నటి కుట్టు వేయండి.

మూలలు. కుట్టు దాకా పోకుండా ఇలా ఐమూలగా కత్తిరించండి. తిరగేశాక మూలలో గుడ్డ ముద్దగా ఉండదు. తిరగేయండి, మొండి పెన్సిలుతో మూల నెమ్మదిగా బయటికి నెట్టండి, కత్తెర మొన వద్దు, చిరుగుతుంది. ఒకసారి ఇస్త్రీ, కుషన్ లోపల పెట్టేశాను.

మీది వదులుగా అనిపిస్తే తిరగేసి, పాత కుట్టుకి పావు అంగుళం లోపల ఇంకో కుట్టు వేయండి, రెండు పక్కలా. పాతది విప్పనక్కర్లేదు. కుషన్ నిండుగా, గట్టిగా కూర్చోవాలనుకుంటే రెండో కవరుకి గుడ్డ వెడల్పు 16 తీసుకోండి. అవును, రెండోది కూడా ఇదే కుట్టండి, వేరే గుడ్డతో. ఆ తర్వాతే గుడ్డ సంచి. దానికి పట్టీలు ఉంటాయి, అడుగు మూలలు ఉంటాయి, అది వేరే వీడియోలో.

లేచే ముందు పెడల్ మీంచి కాలు తీసి, ప్లగ్ తీసేయండి. ఫుట్ కింద చిన్న గుడ్డముక్క పెట్టి ఫుట్ దించి వదిలేయండి. రేపు దారం ఎక్కించేటప్పుడు ముందు ఫుట్ ఎత్తాలి.